పన్నెండు చుక్కల అరటి సారం

రోహిణి కార్తె, 9వ రోజు

గాలి పంచాయతీకి ఇచ్చే చిట్టా వేరు, ఇది వేరు. ఊరంతా పీల్చే గాలికి కాపలా వాళ్ళే కాబట్టి, ఏ అత్తరు జాడీలో ఏం కలిపానో, ఎంత కలిపానో అందులో రాస్తాను. నా కడుపులో ఏం ఉడుకుతోందో ఇందులో రాస్తాను. దీన్ని పంచాయతీ వాళ్ళు అడగరు, నేను చూపించను.

ఈ రోజు ఏడో గల్లీ మగవాళ్ళకు ఎండాకాలం అత్తరు ఆఖరి విడత పంచాను. వట్టివేరు, నిమ్మగడ్డి, కాస్త మల్లె. అడుగూరులో ఎండ లేదు. నలభై నాలుగేళ్ళ కింద మా వాళ్ళు పైన వేడికి తాళలేక ఈ పాత బొగ్గు గనిలోకి దిగినప్పటి నుంచీ ఇక్కడ ఎప్పుడూ ఇరవై ఏడు డిగ్రీలే. పైన బతికినప్పుడు ఎండ అత్తరును ఒంటి మీంచి లేపేసేదట, చలి అణిచిపెట్టేదట. అందుకని ఎండాకాలానికి తేలికవి, చలికాలానికి బరువైనవి ఎంచుకునేవారట. ఇక్కడ లేపేదీ లేదు, అణిచేదీ లేదు. ఏ కాలం ఎంత బరువుండాలో నేనే కలపాలి.

ఆడవాళ్ళు తోటమట్టంలో తేనెటీగల మధ్య పని చేస్తారు కాబట్టి వాళ్ళ ఒంటి మీద ఏ వాసనా ఉండకూడదు. అందుకే కాలాన్ని ఒంటి మీద మోసే పని మగవాళ్ళకు పడింది. నాన్న భుజం వాసన మారిందంటేనే పిల్లలకు కాలం మారినట్టు. మా గల్లీలో ఆ వాసన కలిపేవాణ్ణి ఇరవై ఆరేళ్ళుగా నేనొక్కణ్ణే.

రేపటి నుంచి కాదు. గల్లీ చివర ఇంకో అత్తరు కొట్టు తెరుస్తున్నారు. కింది గని నుంచి వచ్చాడట, పేరు రాజలింగు. ముప్పై అయిదేళ్ళుంటాయి, పెళ్ళి కాలేదు. కొట్టు తెరిచే ముందు పద్ధతిగా వచ్చి దండం పెట్టాడు.

"గట్టన్నా, నువ్వు పెద్దోనివి. నీ కడుపు గొట్టెటందుకు రాలే. నీకు ఎక్కువైన పనేదన్న ఉంటె నాకియ్యి, సాలు."

"నాకు ఎక్కువైన పనేం లేదు తమ్మీ," అన్నాను.

వాడు నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. పళ్ళు బాగున్నాయి.

రోహిణి, 13వ రోజు

కలిపిన అత్తర్లు మాగే గది ఊరికి ఒక్కటే. అడుగూరులో జాగా అంత విలువైంది. ఇన్నేళ్ళూ ఆ గదిలో నా జాడీలే కాళ్ళు చాపుకుని ఉండేవి. ఇప్పుడు సగం వాడికిమ్మన్నారు. తాళంచెవి గోడ మేకుకే వేలాడుతుంది, ఇద్దరికీ ఒకటే. 

వాడి పని తీరు చూస్తే నాకు నవ్వొస్తోంది. రేపు మృగశిర, వానాకాలం మొదలు. నేను పదిహేను రోజుల కిందే మట్టి అత్తరు, మొగలి, వట్టివేరు కలిపి పెట్టేశాను. నా గురువు హుస్సేన్ సాబ్ ఇచ్చిన కొలత అది, చుక్క అటూ ఇటూ కాదు. వాడేమో ఇంకా ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. పైన పుట్టిన ఆడవాళ్ళ దగ్గర పీట వేసుకుని కూర్చుని "వానొస్తె ఎట్లుంటుండె?" అని అడుగుతాడు. వంట చేసుకునే ఆడవాళ్ళతో ముచ్చట్లు పెట్టడం కూడా అత్తరు పనే అని నాకు ఇన్నాళ్ళూ తెలియదు!

నేను పైన పుట్టానన్న మాటే గానీ దిగేటప్పటికి రెండేళ్ళవాణ్ణి. వాన నాకు గుర్తులేదు. గుర్తుండనక్కర్లేదు కూడా, కొలత ఉంది.

మృగశిర, 1వ రోజు

ఈ రోజు పసిగట్టుడు.

కాలం మారిన ప్రతిసారీ గల్లీ మగవాళ్ళంతా కొత్త అత్తరు రాసుకుని వరసగా నిలబడతారు. ఆడవాళ్ళు కళ్ళకు గంతలు కట్టుకుని ఒక్కొక్కరే వస్తారు, ఒక్కో భుజం దగ్గరా వాసన చూసి తన మొగుడి చెయ్యి పట్టుకోవాలి. అత్తరు ఒకటే అయినా ఒళ్ళు ఒకటి కాదు కదా. తప్పు పట్టుకుంటే గల్లీ అంతా నవ్వుతుంది, ఆ తప్పిన ఇంటాయన అందరికీ చాయ్ కాచిపోయాలి.

నా భార్య సారక్క నాకంటే ఏడేళ్ళు పెద్ద. పెళ్ళయిన ఇరవై ఒక్క ఏళ్ళలో, ఏడాదికి మూడుసార్ల చొప్పున, ఒక్కసారి కూడా తప్పలేదు. మూడు అడుగులు వేసేలోపే వచ్చి నా చెయ్యి పట్టుకునేది. "గట్టయ్య పెండ్లాం ముక్కుకు కండ్లున్నయి," అనేవాళ్ళు.

ఈ రోజు నేను తొమ్మిదోవాణ్ణి. రాజలింగు నాలుగోవాడు. పెళ్ళాం లేకపోయినా గల్లీవాడే కాబట్టి నిలబెట్టారు. సారక్క మొదటి ముగ్గురినీ చకచకా దాటింది. వాడి దగ్గర ఆగింది. వంగి మళ్ళీ చూసింది. నేను దగ్గాను. వినలేదు. వాడి చెయ్యి పట్టుకుని "వాన," అంది.

గల్లీ గొల్లుమంది. వాడు కంగారుగా చెయ్యి వెనక్కు తీసుకుని "వదినె, నేను, రాజలింగును," అన్నాడు. ఆమె గంత విప్పింది. సిగ్గుపడుతుందనుకున్నాను. ఆమె కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

చాయ్ కాచాను. ముప్పై ఇళ్ళకు పోశాను. తోటమట్టం గేటు దగ్గర కూర్చునే బుచ్చవ్వ ఒక గుక్క తాగి, "చక్కెర తక్కువైంది గట్టయ్యా, నీ మొకం లెక్కనే," అంది. అందరూ మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను. దవడలు నొప్పి పుట్టాయి.

మృగశిర, 2వ రోజు

పొద్దున్నే అడిగాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"వాడి చెయ్యి ఎందుకు పట్టుకున్నవ్?"

"నీ చెయ్యనుకున్న."

"అబద్ధం చెప్పకు."

ఆమె రొట్టె తిప్పింది. తర్వాత చెప్పింది. "మా నాయిన గుర్తొచ్చిండు. వానల డ్యూటీ దిగి ఇంటికొస్తె ఆయన అంగి తడిసి బొగ్గు వాసనొస్తుండె. తడిసిన బొగ్గు, బీడీ, పచ్చిమన్ను. నేను ఉరికిపోయి ఆ అంగికి మొకమానిస్తుంటి. తొమ్మిదేండ్ల దాన్ని అప్పుడు. మల్ల నిన్ననే ఆ వాసన సూసిన."

"ఆ సంగతి వాడికెట్ల తెలిసింది?"

"అడిగిండు, చెప్పిన."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వెన్నడన్న అడిగినవా?" అంది. కోపంగా కూడా అనలేదు. "నువ్వే నాకు చెప్పినవ్, వానంటె గిట్లుంటదని. నా పెండ్లయిన కొత్తల. నేను సరే అన్న."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. నాకు ఉలుకు కాదు, ఒళ్ళు మండింది. నా మామ అంగి వాసన నాకు తెలియదు. ఆయన నేను పెళ్ళి చేసుకునే నాటికే పోయాడు. కింది గని నుంచి మొన్న ఊడిపడ్డవాడికి తెలుసు.

ఆరుద్ర, 6వ రోజు

నా దగ్గర అత్తరు తీసుకునే ముప్పై మందిలో పదకొండు మంది అటు పోయారు. పొరుగింటి పుల్లకూర రుచి. పోనీ.

ఎవరూ చూడకుండా వాడి అత్తరు రాసుకున్న ఒకాయన తువ్వాలు మీద ముక్కు పెట్టి చూశాను. మట్టి ఉంది, వట్టివేరు ఉంది, పొగాకు ఉంది. అడుగున నల్లగా ఇంకేదో ఉంది, అది బొగ్గని సారక్క చెప్పబట్టి తెలిసింది గానీ నా ముక్కు పట్టలేకపోయింది. బొగ్గు గనిలో నలభై నాలుగేళ్ళు బతికాను నేను. గోడలన్నీ సున్నం కొట్టి మూసేశారు కదా, నాకెలా తెలుస్తుంది?

వాడికి నా కొలతలు కావాలా అంటే వద్దు. నా కొట్టు కావాలా అంటే వద్దు. దొంగ అయినా బాగుండేది, తిట్టడానికి సులువుగా ఉండేది.

చిత్త, 4వ రోజు

చలికాలం దగ్గరకొస్తోంది. విశాఖ మొదటి రోజున పసిగట్టుడు. ఈసారి సారక్క నా దగ్గరికే రావాలి. నాకు ఇంకేం అక్కర్లేదు. పోయిన పదకొండు మందీ తిరిగి రాకపోయినా ఫర్వాలేదు. గల్లీ అందరి ముందూ ఆమె వాణ్ణి దాటుకుని వచ్చి నా చెయ్యి పట్టుకోవాలి.

హుస్సేన్ సాబ్ చలికాలపు కొలత ఊదు, లవంగం, సాంబ్రాణి, కొంచెం కుంకుమపువ్వు. బరువైన వాసన. నాకు ఇష్టమైనదే. కానీ ఈసారి ధైర్యం చాలలేదు. అన్నం తింటుంటే అడిగేశాను.

"చలికాలం ఎట్లుంటుండె పైన?"

సారక్క చెయ్యి ముద్ద దగ్గర ఆగిపోయింది. ఆమె ముఖం వెలిగింది, నిజం చెప్పాలి. "ఓ, చలికాలమా? పొద్దుగాల గొంగడి కప్పుకుని వాకిట్ల కూసుంటుంటిమి. గొంగడి మీద మంచు పడ్తె తడిసిన గొర్రె వాసన. చలిమంటల చెరుకు పిప్పి ఏస్తుండె మా నాయనమ్మ. అది కాలుతుంటే..."

"ఇదంతా వాడికి కూడా చెప్పినవా?"

నోరు జారింది. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది. కంచం తీసుకుని లేచింది.

"చెరుకు పిప్పి కాలుతుంటే?" అని వెనకాల నుంచి అడిగాను.

"ఏమో, మర్చిపోయిన," అంది.

స్వాతి, 13వ రోజు

పంచాయతీ చిట్టాలో "ఈ రోజు ఏమీ కలపలేదు" అని రాశాను.

మధ్యాహ్నం షిఫ్టు కూత కూసింది. గల్లీలో ఎవరూ లేరు. మాగే గదికి పోయాను, నా జాడీ చూసుకోవడానికే పోయాను. వాడి జాడీ మూత కాస్త పక్కకు ఉంది. వాసన చూశాను. పొగ, ఉన్ని, ఎక్కడో తీపి. నేను ఎన్నడూ చూడని వాకిట్లో ఎవరో చలిమంట వేసినట్టుంది. నా భార్య చిన్నప్పుడు కూర్చున్న వాకిలి అది. నా కంటే ముందు వాడు అందులో పీట వేసుకుని కూర్చున్నాడు.

పిల్లల దగ్గుమందులో కలపడానికి అరటి సారం మందుల కొట్టుకు నేనే ఇస్తాను. అడుగూరు మొత్తానికి ఆ సీసా నా దగ్గరే ఉంటుంది. నా కొట్టుకు పోయి ఆ సీసా తెచ్చాను. పన్నెండు చుక్కలు. మూత పెట్టి జాడీని నాలుగుసార్లు కదిపాను. జాడీలో అది నూనె కింద అణిగి ఉంటుంది, ఒంటి చెమట తగిలాకే లేస్తుంది. రేపు వాడి మనుషులంతా చీమిడి ముక్కు పిల్లల్లా వాసన కొడతారు. అంతే. ఎవరికీ నొప్పి లేదు, నష్టం లేదు, గల్లీ ఒక పూట నవ్వుకుంటుంది. పోయినసారి నన్ను చూసి నవ్వారుగా.

ఇంటికొచ్చి చేతులు తుడుచుకుని అన్నం తిన్నాను. బాగా తిన్నాను.

విశాఖ, 1వ రోజు

గెలిచాను.

వాడి పదకొండు మందీ వరసలో నిలబడగానే ముందు వచ్చిన ఆడవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. "దగ్గుమందు తాగొచ్చిన్రా ఏందిర?" అని బుచ్చవ్వ అరిచింది. గల్లీ అంతా పొట్ట పట్టుకుని నవ్వింది. రాజలింగు తన మణికట్టు తనే వాసన చూసుకుని తెల్లబోయాడు. మళ్ళీ చూసుకున్నాడు. నాకు హాయిగా ఉంది, దాచడం ఎందుకు?

సారక్క వంతు వచ్చింది. వాడి ముందు ఆగింది. చాలాసేపు ఆగింది. ముఖం వాడి భుజానికి ఆనించినంత దగ్గరగా పెట్టి ఒకటికి మూడుసార్లు వాసన చూసింది. దగ్గుమందు కంపులో కూడా ఆమెకు అంత వెతుక్కోవలసిందేముందో నాకర్థం కాలేదు. అప్పుడు తల ఎత్తి నేరుగా నా దగ్గరికి వచ్చింది. భుజం చూడలేదు. నా కుడి చెయ్యి పట్టుకుని అరచేతిని ముఖం దగ్గర పెట్టుకుంది. గంత విప్పి నా వంక చూసింది. నవ్వలేదు.

నవ్వకపోతే నవ్వకపోయింది. వచ్చింది కదా.

విశాఖ, 2వ రోజు

సారక్కను తేనెటీగలు కుట్టాయి.

పొద్దున తోటమట్టానికి వెళ్ళిన గంటకే కబురు వచ్చింది. తలా మెడా చెవులూ అంతా. వైద్యశాలలో ఆమెను నేను గుర్తుపట్టలేదు. కళ్ళు లేవు, వాపే ఉంది. ముప్పై నాలుగు కాట్లు లెక్కపెట్టారట. ఇంకో నాలుగు పడితే ఊపిరి ఆగిపోయేదని డాక్టరమ్మ చెప్పింది. ఇంకో ఇద్దరిని కూడా కుట్టాయి గానీ రెండేసి, మూడేసి. ఆ ఇద్దరూ రాజలింగు దగ్గర అత్తరు తీసుకునేవాళ్ళ భార్యలే.

అక్కడే విన్నాను. పండిన అరటి వాసన తగిలితే ఈగలు రెచ్చిపోతాయట. ఒక ఈగ కుట్టి మిగతావాటిని పిలిచేటప్పుడు అదే వాసన వదులుతుందట. అందుకే తోటలో గెలలను పచ్చివే కోసి వేరే మట్టానికి పంపేస్తారట. ఆడవాళ్ళందరికీ తెలుసు. మగవాళ్ళం ఆ మట్టంలో కాలు పెట్టం. నేనెప్పుడూ అడగలేదు.

నిన్న పసిగట్టుడు అయ్యాక ఆడవాళ్ళంతా భయపడి రెండేసిసార్లు తలంటుకున్నారట. సారక్క కూడా పోసుకుంది, నేను చూశాను.

విశాఖ, 4వ రోజు

రాజలింగు కొట్టుకు సీలు వేశారు. గాలిని పాడుచేశాడని నేరం. పదకొండో రోజున విచారణ. తప్పు తేలితే పై ద్వారం దగ్గర దుమ్ము పనికి, పైనుంచి పడే దుమ్ము ఎత్తిపోయడానికి, పంపుతారు. ఆ ద్వారం అవతల పైలోకపు వేడి ఉంటుంది. అక్కడ అయిదేళ్ళు చేసినవాడు మామూలుగా దగ్గకుండా ఒక మాట మాట్లాడలేడు.

పంచాయతీ రాతగాడు నాంపెల్లి నా కొట్టుకు కూడా వచ్చాడు. "నీ కాడ అరటి సారం ఉంటది గద?" అన్నాడు. సీసా చూపించాను. గీత దాకా నిండుగా ఉండేసరికి, రాజలింగు కింది గని నుంచే తెచ్చుకుని ఉంటాడని పోయాడు. పన్నెండు చుక్కలకు పన్నెండు చుక్కల నీళ్ళు పోసి పెట్టాను. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాను.

వాడి పేరు చెప్పలేదు నేను. చెప్పకపోవడం వేరు, అబద్ధమాడటం వేరు. అలా అనుకుంటున్నాను.

రాత్రంతా ఒకటే లెక్క. మిగతా ఇద్దరూ ఆ వాసన పూసుకున్న మగవాళ్ళ పక్కన పడుకున్నారు. వాళ్ళకు రెండూ మూడూ. నా భార్య పక్కన పడుకున్నవాడి ఒంటి మీద ఊదు ఉంది. ఆమెకు ముప్పై నాలుగు. ఎలా? వరసలో ఆగిన ఆ కాసేపటికే ఇన్నా? నేను చూడనప్పుడు వాడికి ఇంకెంత దగ్గరగా పోయింది?

అనుమానం పెనుభూతమని తెలుసు. తెలిస్తే పోతుందా?

విశాఖ, 5వ రోజు

ఇంటికి తెచ్చాను. చేతులు వాచి ఉన్నాయి, నేనే తినిపించాను. ఆమె బట్టల మూట వైద్యశాల వాళ్ళు ఇచ్చారు, మూల పెట్టాను.

"రాజలింగును పట్టుకపోయిన్రట గద," అంది మొదటి మాటే. 

"తప్పు చేసినోణ్ణి పట్టుకపోక?"

"ఆయన చేసిండంటవా?"

"మరి ఎవరు చేసిన్రు?"

ఆమె కనురెప్పల సందులోంచి నన్నే చూస్తూ ఉంది. ముప్పై నాలుగు కాట్లు తిని వాడి తరఫున వకాల్తా! అప్పుడే, ఆ నిమిషంలోనే, నేను పంచాయతీకి పోదామనుకుంటున్నవాణ్ణి. ప్రమాణం చేసి చెబుతున్నాను. ఆ మాటతో నా కాళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి.

మధ్యాహ్నం కర్ర పట్టుకుని లేచింది. "గాలికి పోయొస్త," అంది. అరగంట తర్వాత వచ్చింది. ఎక్కడికో చెప్పలేదు.

విశాఖ, 7వ రోజు

నిన్న పోయింది. ఈ రోజూ పోయింది. అదే వేళకు, అదే అరగంట. తోడు వస్తానంటే వద్దంది. రాజలింగును పంచాయతీ వెనక గదిలో ఉంచారు. కర్ర పట్టుకున్న మనిషి అక్కడికి పోయి రావడానికి సరిగ్గా అరగంటే పడుతుంది, నేను నడిచి చూశాను.

వెంట పోలేదు. పోతే ఏం చూస్తానో అని పోలేదు.

తిరిగొచ్చాక మంచం మీద కూర్చుని ప్రతిసారీ ఒకటే అడుగుతుంది. "నాకేమన్న చెప్పేదున్నదా?"

"నీకేమన్న చెప్పేదున్నదా?" అని నేను తిరిగి అడుగుతాను.

విశాఖ, 9వ రోజు

మళ్ళీ పోయింది.

నా మీద నాకు అసహ్యంగా ఉంది, కానీ రాస్తాను. వాడు దుమ్ము పనికి పోతే ఆ మధ్యాహ్నాలు ఆగుతాయి కదా అనిపించింది. వాడు ఆ గుక్కెడు వేడి గాలి పీల్చి దగ్గుతుంటే నా ఇంట్లో నేను నిద్రపోగలనని కూడా అనిపించింది.

విశాఖ, 10వ రోజు

రేపే విచారణ. సారక్క కర్ర పట్టుకుని పోయింది. ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఆమె చేతులకింకా వాపు తగ్గలేదు కదా అని వైద్యశాల మూట విప్పాను. రవిక, చీర, తలకు కట్టుకునే తెల్ల తువ్వాలు. తొట్టిలో వేసి నీళ్ళు పోశాను.

అరటి వాసన లేచింది.

రవికను వాసన చూశాను, లేదు. చీరను చూశాను, లేదు. తువ్వాలే. ఎండిపోతే ఆ సారం పడుకుంటుంది, తడి తగిలితే మళ్ళీ లేస్తుంది. చెమట పట్టినా అంతే. ఇది నాకు తెలిసినంతగా అడుగూరులో ఎవరికీ తెలియదు. స్వాతి పదమూడో రోజున ఉతికి తీగ మీద ఆరేసిన తువ్వాలు ఇది. ఆ మధ్యాహ్నం మాగే గది నుంచి వచ్చి అన్నానికి ముందు నేను చేతులు తుడుచుకున్నది దీనికే. మర్నాడు సెలవు. ఆ మర్నాడు ఆమె శుభ్రంగా తలంటుకుని, శుభ్రమైనదనుకుని, దీన్ని తలకు చుట్టుకుని ఈగల మధ్యకు పోయింది.

ఆమె ఎవరికీ దగ్గరగా పోలేదు. ఆ ముప్పై నాలుగూ నా చేతివే.

తొట్టి పక్కనే కూలబడిపోయాను. ఎంతసేపో తెలియదు. సారక్క వచ్చింది, నన్ను చూసింది, నా చేతిలో తువ్వాలు చూసింది. ఈ రోజు ఏమీ అడగలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. నేను ఆ తడి తువ్వాలుతోనే పంచాయతీకి నడిచాను.

నాంపెల్లి ఒక్కడే ఉన్నాడు. తువ్వాలు బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాను. జాడీ, పన్నెండు చుక్కలు, సీసాలో నీళ్ళు, అంతా. రాజలింగుకు ఏ పాపం తెలియదని చెప్పాను. ఆయన రాసుకోలేదు.

"రాసుకో నాంపెల్లీ."

"రాసిన," అన్నాడు. "నీ పేరు గంట కిందనే రాసిన."

నాకు అర్థం కాలేదు. ఆయన పుస్తకం నా వైపు తిప్పాడు. అయిదో రోజు నుంచీ రోజుకొక వరస ఉంది. ప్రతి వరస పక్కనా వాచిన వేలి ముద్ర, సంతకం చెయ్యడానికి వేళ్ళు వంగలేదేమో.

"అయిదో నాడు వచ్చింది నీ ఇంటామె. నిలవడ శాతనైతలేదు. రాజలింగు తప్పు లేదు, చేసినాయన నాకెర్క, పేరు నేను చెప్ప, ఆయన్నే వచ్చి చెప్తడు, ఇయ్యాల్టికి ఆగుండ్రి అన్నది. ఆగినం. మల్ల తెల్లారి వచ్చింది, ఇంకొక్క రోజన్నది. గట్ల అయిదు రోజులు." నాంపెల్లి గొంతు తగ్గించాడు. "ఇయ్యాల గడువడుగలే గట్టయ్యా. కాయితం పైకి పోయే దినం గద. రాజలింగు పోతడని పేరు చెప్పింది. చెప్పి ఆ బల్ల మీదనే కూసుండి ఏడ్సింది."

చివరి వరసలో నా పేరు ఉంది. సిరా ఆరిపోయింది.

విశాఖ, 11వ రోజు

విచారణ ఎక్కువసేపు సాగలేదు. నా కొట్టు మూశారు. రెండేళ్ళు పై ద్వారం దగ్గర దుమ్ము పని. నా అంతట నేను వచ్చి చెప్పానని రాయమంటారా అని నాంపెల్లి పెద్దల్ని అడిగాడు. పేరు ముందే వచ్చింది కాబట్టి అక్కర్లేదన్నారు. సరైన మాటే.

రాజలింగు బయటికి వచ్చి నా ముందు నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. "అడిగితె చెప్తుంటి గదన్నా, ఏమేసిన్నో," అన్నాడు. ఆరు రోజులు మూసి ఉన్న గదిలో ఉండి వాడి దగ్గర ఏ వాసనా లేదు.

ఇంటికి వచ్చాను. సారక్క నా బట్టలు మూట కడుతోంది. వేళ్ళు ఇంకా సరిగ్గా వంగడం లేదు, ముడి జారిపోతోంది. నేను కడతానంటే ఇవ్వలేదు.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"పసిగట్టుడు నాడే. నీ చేతికున్నది. ఊదు ఎంత పూసినా గోర్ల సందులకెల్లి వస్తుండె."

"అప్పుడే ఎందుకు అడగలే?"

"నువ్వు చెప్తవనుకున్న." ముడి మళ్ళీ జారింది. "మంచంల పడ్డప్పుడు చెప్తవనుకున్న. ఇంటికి తెచ్చినంక చెప్తవనుకున్న. రోజూ నాంపెల్లికి చెప్తుంటి, మా ఆయిన కోపిష్టోడు, కుళ్ళు ఎక్కువ, గానీ ఇంకొకని పానం మీదికి తెచ్చి ఊకుండడు, నాకెర్క అని. ఆయన నన్ను సూసి నవ్వలే పాపం."

"నేను వచ్చిన. నిన్ననే వచ్చిన సారక్కా, నా అంతట నేనే..."

"చెప్పిండు నాంపెల్లి. గంటయినంక వచ్చినవట."

ముడి పడింది. మూట నా వైపు జరిపి లేచి వెళ్ళి పొయ్యి ముట్టించింది. రెండు రొట్టెలు చేసింది. నాకు పెట్టింది, తను తినలేదు. రెండేళ్ళ తర్వాత ఈ ఇంటికి రావచ్చా అని అడగకుండానే తిన్నాను.

రేపు పొద్దున కూతకు పైకి పోవాలి. నిద్ర పట్టక ఇది రాస్తున్నాను. ఇన్ని కార్తెలు రాజలింగు మీద కుళ్ళుకున్నాను. వాడి పళ్ళు, వాడి వాన, వాడి చలిమంట. ఇప్పుడు వాడి మీద నాకేమీ లేదు. కానీ ఆ కుళ్ళు పోలేదు. అయిదు రోజులు, నిలబడలేని కాళ్ళతో పోయి, వాచిన వేలు సిరాలో ముంచి, ఆమె ఒక మనిషి కోసం గడువు అడిగింది. వస్తాడు, తప్పకుండా వస్తాడు అని చెప్పింది. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆమె నాలో చూస్తూ వచ్చిన ఆ మనిషి మీద నాకిప్పుడు కడుపు మండిపోతోంది.